అప్‌డేట్: ఉదయగిరి కొండ దారుల్లో పరుగు, దిగేటప్పుడు మోకాలి బయటి వైపు నొప్పి

ఉదయగిరి కొండ చుట్టూ ఉన్న చిట్టడవి బాటల్లో పరుగెత్తేటప్పుడు, ఎక్కడంలో ఏమీ లేకుండా దిగడంలో మాత్రమే కుడి మోకాలి బయటి వైపు పొడిచినట్లు నొప్పి వస్తోందని ఇంతకుముందు అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

నెల్లూరులో ఒక ఫిజియోథెరపిస్టు పరీక్షించి, ఇది కీలు అరుగుదల కాదని తేల్చారు. తుంటి నుంచి తొడ బయటి పక్కగా మోకాలి కిందికి దిగే ఇలియోటిబియల్ బ్యాండ్ అనే గట్టి పట్టీ, మోకాలు సుమారు 30 డిగ్రీలు వంగినప్పుడు ఎముకకు ఒత్తుకుంటుందనీ, పల్లంలో ఆ ఒత్తిడి మరింత పెరుగుతుందనీ వివరించారు.

తుంటి కండరాలను బలపరచమని ఇక్కడ ఒకరిచ్చిన సలహాయే పనిచేసింది: పక్కకు తిరిగి పడుకొని పైకాలును నెమ్మదిగా ఎత్తి దించే వ్యాయామం, దానితోపాటు పల్లంలో చిన్న చిన్న అడుగులు. కొందరు సూచించిన కొత్త బూట్లకూ, కాల్షియం మాత్రలకూ నా నొప్పి తగ్గడంతో సంబంధం లేదు. మైపాడు బీచ్ ఇసుకలో పరుగెత్తమన్న సలహా మంచి ఉద్దేశంతో ఇచ్చిందే కాని, తీరం సముద్రం వైపు వాలి ఉంటుంది కనుక ఈ నొప్పి ఉన్నవారు దానికి దూరంగా ఉండడమే మేలు. ఇప్పుడు మట్టిబాటలో నొప్పి లేకుండా దిగుతున్నాను. రాళ్లు తేలిన నిటారు పల్లాల్లో మాత్రం ఇంకా నడిచే దిగుతున్నాను.