సమస్య: పూవు పూయని తీవయే పుడమి నిండె

నిర్వాహకుడు: ఈసారి వస్తువు మనీప్లాంటు, ఛందస్సు తేటగీతి. పూవు లేనిదే కాయ లేదు, కాయ లేనిదే విత్తు లేదు. మరి విత్తే లేని తీగ లోకమంతా ఎలా పాకింది? శాపాలు, వరాలు తెచ్చి ముడి విప్పకండి. జవాబు ఆ తీగ స్వభావంలోనే ఉంది. సమస్యాపాదంలో గణాలు హ-భ-ర-న-హ, యతి పూ–పు.

పూరణ 1

దూర మోరెయా దీవిలో దొలుత పుట్టి
కత్తిరించిన కాడలే కాళ్లు గాగ
నింటికింటికి చేతుల నెక్కి వచ్చి
పూవు పూయని తీవయే పుడమి నిండె.

నిర్వాహకుడు: చాలా బాగుంది అక్కగారూ. దక్షిణ పసిఫిక్‌లో తాహితి పక్కనున్న చిన్న దీవి మోరెయా. ఈ తీగ సొంత ఊరు అదే. అంత దూరం నుంచి మన కిటికీ దాకా నడిపించింది రెండో పాదమే. కాడను కోస్తే మొక్క పోవాలి, ఇక్కడ ఆ కోతే దానికి కాళ్లిచ్చింది. ఒక్క మాట: ఆకును మాత్రమే తుంచి నీళ్లలో వేస్తే తీగ రాదు, కణుపు ఉండాలి. "కాడ" అన్నారు కాబట్టి కణుపు అందులోనే ఉందనుకుంటాను.

పూరణ 2

మొగ్గ పుట్టించు రసమది మొక్కలోన
కొరవడంగను విరి లేదు కొమ్మకైన
విత్తనము లేక ముక్కలే వేరు తొడిగి
పూవు పూయని తీవయే పుడమి నిండె.

నిర్వాహకుడు: నాకు అన్నిటికంటే నచ్చిన పూరణ ఇదే. ఎలా వ్యాపించిందో మొదటి పద్యం చెప్పింది. ఎందుకు పూయదో మీరు చెప్పారు. ఆ రసం పేరు జిబ్బరెల్లిన్. దాన్ని తయారుచేయడంలో పనికొచ్చే ఒక జన్యువు ఈ మొక్కలో సరిగా పనిచేయదని 2016లో ఒక పరిశోధన తేల్చింది. బయటి నుంచి ఆ హార్మోన్ చల్లితే పూసింది కూడా! అంటే పూసే శక్తి లోపల ఉంది, మేలుకొలిపేది లేదు. పద్యంలో ఎక్కడా సాగతీత లేదు. "రసమది"లో "అది" ఒక్కటే గణం కోసం వచ్చినట్టుంది.

ఒక సభ్యుడు: గురువుగారూ, అసలెప్పుడూ పూయలేదా?

నిర్వాహకుడు: పూసింది, బహు అరుదుగా. 1880లో దీన్ని పోతోస్ ప్రజాతిలో చేర్చారు. 1962లో పూవు కనబడ్డాక ప్రజాతి మార్చారు, ఆ తర్వాత మళ్లీ మార్చి ఇప్పటి ఎపిప్రెమ్నమ్‌లో పెట్టారు. పూవు దొరక్కపోతే శాస్త్రజ్ఞులకూ టెన్షనే. "పూయని" అన్నదాన్ని ఇళ్లలో పెరిగే తీగలకు అన్వయించుకోండి.

పూరణ 3

చెట్టు నెక్కిన చేటంత చెలగు నాకు
జారి వ్రేలాడ నరచేతి మేర నిలుచు
పసిడి చారల సొగసుతో ప్రజల గెలిచి
పూవు పూయని తీవయే పుడమి నిండె.

నిర్వాహకుడు: రెండో పాదంలో యతి తప్పింది ఆర్యా. జా–మే కుదరదు. "అరచేతి సాటి నిలుచు" అంటే జ–స మైత్రితో సరిపోతుంది, అర్థమూ చెడదు. గమనించిన విషయం మాత్రం నిజం. అడవిలో మాను పట్టుకుని పైకి పాకితే ఆకు మీటరు పొడవు దాకా పెరిగి అంచులు చీలుతుంది, వేలాడదీస్తే చిన్నగానే ఉండిపోతుంది. వెలుతురు మరీ తగ్గితే ఆ పసిడి చారలూ పచ్చబడిపోతాయి.

పూరణకర్త: ధన్యవాదాలు గురువుగారూ, "సాటి" అని మార్చుకున్నాను.

పూరణ 4

కుండి దాటుచు నడవిలో కొమ్మ లెక్కి
నేల మొలకల వెలుగునే నీడ జేసి
ముద్దుగా నింట పెంచిన మొక్క యిట్లు
పూవు పూయని తీవయే పుడమి నిండె.

నిర్వాహకుడు: మిగిలిన ముగ్గురూ మెచ్చుకోలుగా వాడిన పాదాన్ని మీరు ఫిర్యాదుగా మార్చారు, అదీ న్యాయంగానే. హవాయి, ఫ్లోరిడా, శ్రీలంకల్లో ఇది తోటలు దాటి అడవుల్లోకి పాకి అక్కడి మొక్కలను కమ్మేస్తోంది. కత్తిరించిన ముక్కలను ఎక్కడపడితే అక్కడ పారేయకూడదన్నది అందుకే. మూడో పూరణలోని పెద్ద ఆకును ఇక్కడికి తెస్తే? రెండో పాదం "చేటలంతటి యాకుల చీకటి నిడి" అని మార్చి చూడండి.

పూరణకర్త: గురువుగారూ, మీ పాదం నడక బాగుంది. కానీ అందులో నేల మొలకలు పోయాయి. నష్టం వాటికే కదా, వాటిని వదులుకోలేను.

నిర్వాహకుడు: మీ మాటే సరి. అలాగే ఉంచండి.