మద్యం వ్యసనం మీద సెమినార్: రిడక్షనిజం, హోలిజం మధ్య గీత ఎక్కడ?

సెమినార్_సోమవారం:
బెంగళూరులో ఎం.ఎస్సీ. సైకాలజీ, రెండో సెమిస్టర్. సెమినార్‌కి 15 నిమిషాలు. మనిషి ప్రవర్తనను వివరించడంలో రిడక్షనిజం (చిన్న చిన్న భాగాలుగా విడదీసి వివరించడం), హోలిజం (విడి భాగాల్లో కనబడనిదాన్ని మొత్తంగా చూసి వివరించడం) అన్నది అంశం. ఉదాహరణగా మద్యం వ్యసనం తీసుకున్నాను. ఒక స్లైడ్‌లో జన్యువులు, డోపమైన్ అనే మెదడు రసాయనం. ఇంకోదాంట్లో కుటుంబం, సమాజం. చివర "రెండూ కావాలి". మేడమ్ ఆ చివరిది కొట్టేసి, "ఇది వాదన కాదు, రాజీ" అన్నారు. మరి ఏం చెప్పాలి?

కోరమంగళ_క్లినికల్:
మేడమ్ సరిగ్గానే పట్టుకున్నారు. ఏ తేడాని వివరిస్తున్నామో తేల్చుకోకుండా మొదలుపెడితే ఎవరైనా ఆ రాజీ దగ్గరికే వస్తారు. ఒక మనిషికీ ఇంకో మనిషికీ ఉన్న తేడానా? ఒక కాలానికీ ఇంకో కాలానికీ ఉన్న తేడానా? ఇది ముందు రాసుకోండి.

తర్వాత ఒకే ఒక్క జన్యువు పట్టుకోండి, చాలు. తాగిన మద్యం కాలేయంలో ముందు ఎసిటాల్డిహైడ్‌గా మారుతుంది. ఇది విషం. ఏఎల్‌డీహెచ్2 ఎంజైమ్ దాన్ని ఎసిటేట్‌గా మార్చి వదిలించుకుంటుంది. జపాన్, చైనా, కొరియాల్లో చాలామందికి ఈ ఎంజైమ్ సరిగా పనిచేయని జన్యురూపం ఉంటుంది. కాస్త తాగగానే మొహం ఎర్రబడుతుంది, గుండె దడ, వికారం. అందుకే వాళ్లు వ్యసనంలో పడటం తక్కువ. డైసల్ఫిరామ్ మాత్ర చేసేదీ ఇదే, ఆ ఎంజైమ్‌ని అడ్డుకోవడం. రిడక్షనిజం ఇంత శుభ్రంగా పనిచేసిన చోట్లు సైకాలజీలో ఎక్కువ లేవు.

ఇప్పుడు ఇదే జన్యువు మీద 1994లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన హిగుచి బృందం లెక్క చూపించండి. జపాన్‌లో మద్యం వ్యసనపరుల్లో ఆ జన్యురూపం ఒక ప్రతి (తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే) ఉన్నవాళ్లు 1979లో 2.5 శాతం, 1986లో 8 శాతం, 1992లో 13 శాతం. పదమూడేళ్లలో ఒక దేశం జన్యువులు మారిపోవు. ఎంజైమ్ అదే, వికారం అదే. అయినా తాగుతున్నారంటే కారణం కణంలో దొరకదు, తాగుడు చుట్టూ ఉన్న జీవితంలో వెతకాలి. మొదటి ప్రశ్నకి జన్యువు జవాబు. రెండో ప్రశ్నకి కాదు.

న్యూరో_నాని:
బాగుంది గానీ "పరిసరాలు అంటే హోలిజం" అని మాత్రం రాయకండి. పరీక్ష పేపర్లలో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. బిహేవియరిజం, అంటే బయటికి కనబడే ప్రవర్తననే చదివే సిద్ధాంతం, మొత్తం పరిసరాల మీదే నిలబడింది, అయినా అది రిడక్షనిజమే. ప్రవర్తనను ఉద్దీపన, ప్రతిస్పందన ముక్కలుగా కోస్తుంది కదా.

1982లో సీగెల్ బృందం ఎలుకల ప్రయోగం చూడండి. హెరాయిన్‌కి అలవాటు పడిన ఎలుకలకి పెద్ద మోతాదు ఇచ్చారు. ఎప్పుడూ ఇచ్చే చోటే ఇస్తే సుమారు 32 శాతం చచ్చిపోయాయి. అదే మోతాదు కొత్త చోట ఇస్తే 64 శాతం. పాత చోటు కనబడగానే శరీరం మందుకి ఎదురు పనిచేయడానికి ముందే సిద్ధమవుతుంది, కొత్త చోట ఆ సన్నాహం ఉండదు. చావుబతుకుల్ని గది తేల్చింది. కానీ వివరణ మాత్రం పావ్‌లోవ్ కండిషనింగే (ఒక గుర్తుకి శరీరం అలవాటుగా స్పందించడం), పక్కా రిడక్షనిస్టు వివరణ.

ఇంకోటి. "అన్నీ ముఖ్యమే" అనే హోలిజాన్ని ఏ పరిశీలనా తప్పని నిరూపించలేదు. ఎంగెల్ 1977లో ప్రతిపాదించిన బయోసైకోసోషల్ (శరీరం, మనసు, సమాజం) నమూనాని చాలామంది ఇలాగే వాడేస్తారు. మూడు వృత్తాలు గీసి వదిలేస్తే ఏ వృత్తం ఎప్పుడు ఎంత బరువు మోస్తుందో చెప్పినట్టు కాదు.

లెక్కల_మాస్టారు:
కవలల అధ్యయనాల్లో మద్యం వ్యసనానికి వంశపారంపర్యత సుమారు 50 శాతం వస్తుంది. దాన్ని "ఈ మనిషి తాగుడులో సగం జన్యువులదే" అని చదివితే తప్పు. అది ఒక జనాభాలో మనుషుల మధ్య ఉన్న తేడాల లెక్క, ఒక్క మనిషిని సగానికి కోసే లెక్క కాదు. జనాభా మారితే అంకే మారుతుంది.

హోలిజానికి నిజంగా పనికొచ్చే ఉదాహరణ మనవాళ్ల దగ్గరే ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో సడలింపు. భర్తల తాగుడు మీద ఆడవాళ్ల కోపం కొత్తదా? ఏళ్లనాటిది. విడివిడిగా ఒక్కొక్కరి మనసు ఎంత కొలిచినా 1992 ఎందుకో తేలదు. రాత్రి అక్షరాస్యత తరగతుల్లో అందరూ ఒకచోట కూర్చోవడంతో ఎవరింట్లో వాళ్లు పడే బాధ ఊరి సమస్య అయింది. గుంపుకి ఉన్న ఈ గుణం విడి మనుషుల్లో లేదు. హోలిజం అనే మాట ఇలాంటి చోట వాడితే ఎవరూ అడ్డుచెప్పలేరు.

సెమినార్_సోమవారం:
చాలా థాంక్సండి. 15 నిమిషాల్లో ఇవన్నీ పడతాయా? ఎలుకలు తీసేయనా?

కోరమంగళ_క్లినికల్:
తీయొద్దు, డోపమైన్ స్లైడ్ తీసేయండి. ఏఎల్‌డీహెచ్2కి 6 నిమిషాలు, ఎలుకలకి 3, దూబగుంటకి 4, మిగతాది ప్రశ్నలకి. డైసల్ఫిరామ్ దగ్గర ఒక వాక్యం కలపండి: ఆ మాత్ర మింగితేనే పనిచేస్తుంది, తాగాలనుకున్నవాడు మానేస్తాడు. అందుకే భార్యో, తల్లో ఎదురుగా నిలబడి మింగించే పద్ధతిలో ఫలితాలు మెరుగ్గా ఉంటాయి. ఎంజైమ్‌ని అడ్డుకునేది మాత్ర, ఆ మాత్ర గొంతు దిగేలా చూసేది ఇల్లు. మేడమ్ నుంచి ప్రశ్న వచ్చేది ఇక్కడే, సిద్ధంగా ఉండండి.

న్యూరో_నాని:
సీగెల్ పట్టికలో మూడో వరస వదలకండి. ముందు హెరాయిన్ అలవాటే లేని ఎలుకల్లో చావులు సుమారు 96 శాతం. అది లేకపోతే కొత్త చోట కూడా సహనశక్తి (అలవాటు వల్ల మందుని తట్టుకునే శక్తి) కొంత మిగిలే ఉందని వినేవాళ్లకి తెలియదు.