88వ కీర్తనని పాఠంలో ఎక్కడ పెట్టాలి?

అందరికీ వందనాలు. గాజువాకలో మా గృహకూటం యవ్వనస్థుల కోసం నాలుగు వారాల పాఠం సిద్ధం చేస్తున్నాం. అంశం, అయినవాళ్లే కాదన్నప్పుడు దేవుణ్ణి నమ్ముకోవడం.

మొదట బైబిల్లోని యోసేపు. 17 ఏళ్లప్పుడు అన్నలు అమ్మేశారు, ఐగుప్తు రాజు ఫరో ఎదుట నిలబడేసరికి 30. చెరసాలలో ఉన్న యోసేపుని పానదాయకుడు (రాజుకి ద్రాక్షారసం అందించేవాడు) మరిచిపోయిన ఆ రెండేళ్ల దగ్గరే (ఆదికాండము 40:23, 41:1) ఒక వారమంతా ఆగాలని ఉంది. సాధారణంగా అందరూ గబగబా ఐగుప్తు అధికారానికి దూకేస్తారు. ఏడ్చేవాడి చేతిలో రోమా 8:28 (దేవుణ్ణి ప్రేమించేవాళ్లకి అన్నీ మేలుకే జరుగుతాయనే వచనం) పెట్టేస్తారు, వాడిక నోరు విప్పడు.

తర్వాత 13వ కీర్తన. ‘ఎంతవరకు’ అని నిలదీసినా ఆరో వచనానికల్లా పాటలోకి వస్తుంది. 88 అలా కాదు, చీకట్లోనే ఆగిపోతుంది. దాన్ని 13కి ముందు పెట్టాలా, చివర్లోనా? చివర్లో పెడితే కుంగిపోయినవాళ్లు అలాగే ఇంటికెళ్తారేమోనని భయం. బోధించినవాళ్లు చెప్పండి. ఇంట్లోంచి గెంటేసినవాళ్లకి కీర్తన 27:10 (తలిదండ్రులు విడిచినా దేవుడు చేరదీస్తాడనే వచనం) ఏ వారంలో చదివించారో కూడా.