ఈ వారం సమస్య: “చచ్చినవాఁడే పదుగురఁ జంపెన్ గదరా!”

నిర్వాహకుడు: మిత్రులారా, ఈసారి కందపాదం, దీనితో ముగిసేలా పద్యం పూరించాలి. అగాథా క్రిస్టీ 1939 నాటి నవల ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’ను బీబీసీ 2015 డిసెంబరు 26, 27, 28 రాత్రుల్లో మూడు భాగాలుగా చూపించింది. డెవన్ తీరాన ఒక దీవి, అక్కడికి చేరిన పదిమంది, బల్ల మీద పది బొమ్మలు. ఒక్కో ప్రాణం పోయినప్పుడల్లా ఒక్కో బొమ్మ మాయం. ముగింపు బయటపెట్టకుండా పూరించడం కుదరదు కాబట్టి, చూడనివారు చూసి వచ్చాకే కింద చదవండి. చ్చ ప్రాస, చ–జ యతి.

గుంటూరు మాస్టారు:

వచ్చిరి దీవికిఁ బదుగురు
మచ్చలు మదిలోన దాఁచి మౌనముతోడన్
చచ్చితినని నటియించిన
చచ్చినవాఁడే పదుగురఁ జంపెన్ గదరా!

నిర్వాహకుడు: మాస్టారూ, ధార హాయిగా ఉంది. ‘మచ్చలు మదిలోన దాఁచి’ అన్నది కథకు ప్రాణం, ఎందుకంటే ఆ పదిమందిలో ప్రతివాడి మీదా చట్టానికి చిక్కని ఒక చావు ఉంది. ‘మౌనముతోడన్’ మాత్రం పాదం నింపడానికే వచ్చింది. మూడో పాదంలో ‘నటియించిన’ అనగానే ముడి విడిపోయింది, సమస్యాపాదానికి పని మిగల్లేదు.

హైదరాబాదు సోదరి:

వచ్చిన వైద్యుఁడె ‘మృతుఁ’డనఁ
బచ్చినిజ మటంచు నమ్మఁ బాపము వారల్
కుచ్చుల యెఱ్ఱని తెరలో
చచ్చినవాఁడే పదుగురఁ జంపెన్ గదరా!

గుంటూరు మాస్టారు: అమ్మా, నాకంటే మీరే బాగా పట్టుకున్నారు. ఆ పదిమందిలో ఒకడైన జడ్జే హంతకుడు. జడ్జి వార్‌గ్రేవ్ చచ్చాడని నమ్మించింది అతని నటన ఒక్కటే కాదు, డాక్టర్ ఆర్మ్‌స్ట్రాంగ్ మాట. హంతకుణ్ణి పట్టడానికి ఇదొక ఎత్తు అని చెప్పి డాక్టర్ని ముందే తన వైపు తిప్పుకున్నాడు. ఆ తర్వాత ఆ డాక్టర్నే సముద్రంలోకి తోసేశాడు. ఒక్క మాట: జడ్జి చుట్టుకున్నది స్నానాల గది తెర, దానికి కుచ్చులెందుకు? ప్రాస కోసం వచ్చినట్టుంది.

సోదరి: నిజమే మాస్టారూ, ప్రాస కోసమే. ఒప్పుకుంటున్నాను.

డల్లాస్ మిత్రుడు:

ఉచ్చు మెడనున్న వీరకు
వచ్చి నిజము చెప్పి కుర్చి వడిఁ దొలఁగించెన్
మచ్చయె నుదుటను గాయము
చచ్చినవాఁడే పదుగురఁ జంపెన్ గదరా!

నిర్వాహకుడు: ఈ పూరణ దగ్గర చాలాసేపు ఆగాను. నవలలో ఆ పదిమందిలో చివరికి మిగిలిన వీరా తనంతట తానే ఉరి వేసుకుంటుంది. జడ్జి రహస్యం తర్వాత సీసాలో దొరికిన ఉత్తరంలో తెలుస్తుంది. బీబీసీ కోసం రాసిన శారా ఫెల్ప్స్ తన అనుసరణలో ఆ ఉత్తరం తీసేసి, జడ్జినే గదిలోకి నడిపించింది. చచ్చినవాడు తలుపు తీసుకుని వచ్చి మాట్లాడతాడు. మన సమస్యాపాదం తెర మీద అక్షరాలా జరిగింది ఆ ఒక్క చోటే, మీ కందం దాన్నే పట్టుకుంది. ‘మచ్చయె నుదుటను గాయము’ అద్భుతం. నవలలో ఆ గుండు దెబ్బ ఎర్రమట్టి పూతే.

రెండు దోషాలున్నాయి. కుర్చీని ‘కుర్చి’ అని కురచ చేశారు. అంతకంటే పెద్దది ‘వడి’. చార్లెస్ డాన్స్ వేసిన జడ్జిలో తొందర ఎక్కడుంది? వీరా మునివేళ్ల మీద నిలబడి, నేరం మరో అతిథి లాంబార్డ్ మీదికి నెట్టేద్దామని బతిమాలుతుంటే అంతా విని, అప్పుడు కుర్చీ లాగుతాడు. నాకు ఒళ్లు జలదరించింది ఆ నిదానం చూసే.

గుంటూరు మాస్టారు: నాదో సందేహం. లాంబార్డ్‌ని కాల్చింది వీరా కదా, ‘పదుగురఁ జంపెన్’ ఎలా పొసుగుతుంది?

నిర్వాహకుడు: తొమ్మిది చావులకూ కారకుడు అతనే, పదోది తనదే. చివరికి భోజనాల బల్ల దగ్గర కూర్చుని కాల్చుకుంటాడు. అదీగాక ‘పదుగురు’ అంటే పలువురు అనే అర్థమూ మనకుంది.

సోదరి: క్రిస్టీయే 1943లో నాటకంగా రాసినప్పుడు వీరానూ లాంబార్డ్‌నూ బతికించింది. 1945 సినిమా కూడా ఆ దారినే పోయింది. ఆ ముగింపుకైతే ఈ సమస్య ఇవ్వలేం. బీబీసీవాళ్లు ఎవరినీ మిగల్చకపోవడం నాకు నచ్చింది.

డల్లాస్ మిత్రుడు: గురువుగారూ, ‘వడి’ తీసేశాను. బతిమాలినా వదల్లేదన్న అర్థం వచ్చేలా మార్చాను, చూడండి.

ఉచ్చు మెడనున్న వీరకు
వచ్చి నిజము చెప్పి పీఁట వదలక లాగెన్
మచ్చయె నుదుటను గాయము
చచ్చినవాఁడే పదుగురఁ జంపెన్ గదరా!