అకిలిస్ అలక, కర్ణుడి అలక: పొగరు లేకపోతే వీరుడు కాదా?

పుస్తకాలపిచ్చి:
హోమర్ గ్రీకు యుద్ధకావ్యం ఇలియడ్ చదవడం ఇప్పుడే అయిపోయింది, ఒక డౌట్. యుద్ధంలో తన వాటాకొచ్చిన బందీ బ్రిసేయిస్‌ని గ్రీకుల సేనానాయకుడు అగమెమ్నాన్ లాక్కున్నాడని వాళ్ళ మేటి వీరుడు అకిలిస్ యుద్ధం మానేసి కూర్చుంటాడు, కానుకలిస్తాం రమ్మని ఒడిస్సియస్ వాళ్ళు బతిమాలినా వినడు, ప్రాణస్నేహితుడు పాట్రోక్లస్ పోతే గానీ కదలడు. మన కర్ణుడూ అంతే కదా, భీష్ముడు అర్ధరథుడు (అంటే రథి అనే స్థాయి యోధుడిలో సగమే) అన్నాడని ఆయన పడేదాకా, అంటే 10 రోజులు, ఆయుధమే పట్టలేదు. ఇద్దరిదీ ఒకటే పొగరా?

గట్టుమీదమాట:
పైకి ఒకటే గానీ తేడా ఉంది బాస్. అకిలిస్ గొప్పోడని అందరూ ఒప్పుకున్నదే, ఇచ్చిన మర్యాద మళ్ళీ లాక్కున్నారని అతని మంట. కర్ణుడికి అసలిచ్చిందెవరు? నిండు సభలో నీ వంశమేంటని కృపుడు అడిగితే తల దించుకున్నాడు, దుర్యోధనుడు అంగరాజ్యం ఇస్తే గానీ పరువు దక్కలేదు. అందుకే ఎవరేమన్నా సర్రుమని లేస్తాడు. కృష్ణుడొచ్చి నువ్వు కుంతి పెద్దకొడుకువి, రాజ్యం నీదే అన్నా రానన్నాడు చూడండి, అదీ అభిమానమే, నాకైతే అక్కడే నచ్చుతాడు.

అడ్డంగావాదిస్తా:
జాలి మరీ ఎక్కువైంది. భీష్ముడు ఊరికే అన్లేదు, కవచకుండలాలు పోయాయి, పరశురాముడి శాపముంది అని కారణాలు చెప్పే అన్నాడు. ఘోషయాత్రలో (కౌరవులు అడవిలో ఆవుల మందలు చూసే వంకతో వెళ్ళినప్పుడు) గంధర్వుల దెబ్బకి పారిపోయిందీ ఈయనే, విరాటుడి ఆవుల దగ్గర అర్జునుడొక్కడే అందర్నీ ఉతికాడు, అయినా అర్జునుణ్ణి నేనే చంపుతా అనడం మాత్రం ఆపడు.

పాతఅటక:
అర్జునుడేమన్నా తక్కువా? 17వ రోజు కర్ణుడి చేతిలో దెబ్బలు తిని శిబిరంలో పడున్న ధర్మరాజు, వాడింకా చావలేదని తెలిసి, ఆ గాండీవం ఇంకెవరికైనా ఇచ్చెయ్ అంటాడు. ఆ మాటన్నవాణ్ణి చంపుతానని అర్జునుడికి ఒట్టు, సొంత అన్న మీదకే కత్తి దూస్తాడు. పెద్దవాణ్ణి నువ్వు అని తిడితే చంపినట్టే అని కృష్ణుడు సర్దుతాడు. సరే తిట్టాడు, తిట్టాక ఛీ నేనే చస్తా అని మళ్ళీ కత్తి! అప్పుడు కృష్ణుడు, నీ గొప్పలు నువ్వే చెప్పుకో, అది చావుతో సమానం అంటాడు. ఇంకేముంది, శివుడు తప్ప నా అంత విలుకాడు లేడు అని మొదలెడతాడు 😄 హోమర్ వీరులు ఇలాంటివి పూటా చెప్పుకుంటారు, పెద్దగా ఎవరూ తప్పు పట్టరు, వ్యాసుడేమో చావు లెక్కలో రాశాడు.

పుస్తకాలపిచ్చి:
అబ్బా ఇది కర్ణపర్వంలోనా? చదవాల్సిందే. మరి ఆ అర్ధరథుడి గొడవ ఎక్కడుంది?

పాతఅటక:
ఉద్యోగపర్వం చివర్లో, రథులెవరు అతిరథులెవరు అని భీష్ముడు లెక్క చెప్పే చోట.