డాక్టరు చీటీలో "నలుగురితో కూర్చోండి" అని రాస్తే అది వైద్యమేనా?

మధురవాడ_శీను:
మా అమ్మకి 72. నాన్న పోయాక టెక్కలి దగ్గర మా ఊరి నుంచి తీసుకొచ్చి మా ఫ్లాట్‌లో పెట్టుకున్నాం. ఏడో అంతస్తు. ఏడాదిగా నిద్ర లేదు, తల తిరుగుడు, గుండె దడ. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ అన్నీ చేయించాం, ఏమీ లేదన్నారు. కిందటి వారం ఒక డాక్టరు బీపీ మాత్ర కింద ఇలా రాశారు: "సాయంత్రం గంటసేపు బయట నలుగురితో కూర్చోవాలి, వారానికి 5 రోజులు." అమ్మ బయటికొచ్చి "ఇది ఏ షాపులో ఇస్తార్రా?" అంది. నవ్వొచ్చింది. మెట్లు దిగేసరికి ఒళ్లు మండింది. ఈ మాటకి 600 ఫీజా? విదేశాల్లో ఇదో పద్ధతట. మీరేమంటారు?

లెక్కల_మాష్టారు:
పద్ధతే. సోషల్ ప్రిస్క్రైబింగ్ అంటారు, అంటే మందుతో పాటు నలుగురితో కలవడాన్ని కూడా డాక్టరు రాయడం. బ్రిటన్‌లో 2019 జనవరిలో ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవ) తన దీర్ఘకాల ప్రణాళికలోనే పెట్టుకుంది. కానీ రుజువు సంగతి చూడండి. 2017లో బీఎంజే ఓపెన్ అనే వైద్య పత్రికలో 15 పరిశీలనలు కలిపి చూస్తే చాలావరకు చిన్నవి, సరైన పోలిక లేనివి అని తేలింది. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పేదపేటల క్లినిక్కుల్లో రోగులకు సహాయకులను పెట్టి చేసిన ప్రయోగం ఫలితాలు 2019లో వచ్చాయి. మొత్తం రోగులను లెక్కేస్తే జీవన నాణ్యతలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మందుకైతే ఇలాంటి ఫలితంతో అనుమతి ఇస్తామా?

వాల్తేరు_సిస్టర్:
మాష్టారూ, సగమే చెప్పారు. అదే గ్లాస్గోలో సహాయకురాలిని 3 సార్లు, అంతకంటే ఎక్కువ కలిసిన వాళ్లకి దిగులు, ఆందోళన తగ్గాయి. అసలు కిటుకు అక్కడుంది. చీటీ రాసి వదిలేయడం ఆ పద్ధతి కాదు. డాక్టరు పంపితే లింక్ వర్కర్ అనే మనిషి కూర్చుని "మీకేం ఇష్టం, ఏం భయం" అని అడుగుతుంది. తోటపని గుంపో పాటల గుంపో చూపించి, అవసరమైతే మొదటిరోజు వెంట వెళ్తుంది. శీను గారూ, మీ డాక్టరు మందు పేరు రాశారు, ఇచ్చే మనిషిని చూపించలేదు.

30 ఏళ్లు నర్సుగా చేశాను. ఒక మాట మాత్రం మరిచిపోకండి. పెద్దవాళ్లలో దిగులు జబ్బు తరచూ తల తిరుగుడుగా, నిద్రలేమిగానే బయటపడుతుంది. ఆకలి తగ్గినా, "నేనెందుకు బతకడం" లాంటి మాట వచ్చినా పార్కుతో సరిపెట్టొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416 కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, డబ్బులుండవు.

గాజువాక_రాజు:
ఏటండీ ఇది, బీచ్ రోడ్డోళ్ల కబుర్లు. పొద్దున్నే అక్కడ బళ్లు ఆపీసి నడిపిస్తారు, బాగుంది. గాజువాక నుంచి ఆర్కే బీచికి ఎల్లొచ్చీసరికి నా షిఫ్టు టైమైపోద్ది. 2025 జూన్ 21న యోగా దినమని ఆర్కే బీచి నుంచి భోగాపురం దాకా చాపలు పరిచారు, 3 లక్షల మందన్నారు. నేనూ ఎల్లాను. 22న మా వీధిలో ఒక్క చాప ఎవరైనా పరిచారా? డాక్టరు నాకు నలుగురితో కూకోమని రాస్తే, ఆ గంట జీతం ఎవరిస్తారో కూడా రాయాలి.

కమల_పిన్ని:
రాజూ, బాగా అడిగావు బాబూ. ఆడవాళ్ల సంగతి నేను చెప్తాను. మా పార్కులో బెంచీలన్నీ రిటైరైన పెద్దమనుషులవి. పొద్దుటి నుంచి రాజకీయాలే. వాళ్ల మధ్య కూర్చోమంటే ఏ పల్లెటూరి ముసలమ్మ కూర్చుంటుంది? మరుగుదొడ్డి ఎక్కడుందో తెలీకుండా బీపీ మాత్ర మింగిన మనిషి గంటసేపు బయట ఉండగలదా?

ఇంకోటి. ఊళ్లో మనం ఊరికే కూర్చునేవాళ్లమా? చేతిలో జీడిపిక్కలో, చింతపండో, మనవరాలి జడో ఉండేది. మాట దాని వెనకాల వచ్చేది. శీనూ, మీ అమ్మగారిని "వెళ్లి కలవమ్మా" అనకు. చేతికి పనివ్వు.

లెక్కల_మాష్టారు:
ఇవన్నీ మంచి మాటలే. మంచి మాట వేరు, వైద్యం వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) 2025 నివేదికలో ప్రతి 6 మందిలో ఒకరికి ఒంటరితనం అన్నారు, దానివల్ల ఏటా 8,71,000 మరణాలని అంచనా వేశారు. భయపెట్టే అంకెలే. కానీ ఒంటరివాళ్లకు జబ్బు చేస్తుందా, జబ్బు చేసినవాళ్లు ఒంటరి అవుతారా? మోకాళ్లు నొప్పులైతే పార్కుకెవరు వెళ్తారు?

వాల్తేరు_సిస్టర్:
రెండూ నిజమే. 2010లో 148 అధ్యయనాలు, 3 లక్షలకు పైగా మనుషులను కలిపి చూసినప్పుడు, బంధాలు గట్టిగా ఉన్నవాళ్లు బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువని తేలింది. మొదట్లో ఆరోగ్యం ఎలా ఉందో లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా నిలిచింది. ఇంగ్లండులో ఫ్రోమ్ అనే చిన్న ఊళ్లో 2013 నుంచి రోగులను ఇలా ఊళ్లోని గుంపులతో కలిపితే 2017 చివరికి ఆసుపత్రిలో అత్యవసర చేరికలు 14 శాతం తగ్గాయి. చుట్టుపక్కల జిల్లాలో 28 శాతానికి పైగా పెరిగాయి.

లెక్కల_మాష్టారు:
ఫ్రోమ్ ఒక్క ఊరు. ముందూ వెనకా పోలికే తప్ప, లాటరీలా మనుషులను రెండు గుంపులుగా విడదీసి పోల్చిన ప్రయోగం కాదు. పైగా అక్కడ క్లినిక్కుల పద్ధతి కూడా మార్చారు. ఏది పనిచేసిందో ఎలా చెప్తారు? ఇక్కడైతే ఆ లింక్ వర్కర్ ఎవరు? ఆశా కార్యకర్తేనా? టీకాలు, గర్భిణులు, సర్వేలు, మీద ఇదొకటి కూడానా?

వాల్తేరు_సిస్టర్:
ఆశా మీద వేస్తే నేనే అడ్డుపడతాను. జీతమిచ్చి విడిగా పెట్టాలి. పెట్టలేకపోతే ఆ మాట చీటీ మీద రాయడం మానేయాలి.

మధురవాడ_శీను:
నాలుగు రోజుల తర్వాత వస్తున్నాను. సోమవారం అమ్మని పార్కులో దింపాను. పావుగంటలో ఫోన్. "అందరూ చెవిలో మాట్లాడుకుంటూ తిరుగుతున్నార్రా" అంది. ఆ రాత్రి అడగ్గా అడగ్గా ఒక మాట చెప్పింది. కింద లిఫ్టు దగ్గర "ఏటమ్మా, ఎలగున్నావు" అంటే ఎవరో పిల్లలు నవ్వారట. మావాడు కూడా ఇంట్లో అమ్మలా మాట్లాడి చూపించి నవ్విస్తుంటాడు, మేమూ నవ్వాం. అప్పట్నుంచి తను బయట నోరు తెరవడం మానేసిందని మాకు తెలీదు. ఎకోలో ఇది కనబడదు కదా.

బుధవారం కమల పిన్ని చెప్పినట్టు ఆరు కట్టల గోంగూర తెచ్చి, వాచ్‌మన్ భార్య దగ్గరికి పంపాను. ఆవిడది సోంపేట. ఇద్దరూ గేటు మెట్ల మీద కూర్చుని రెండు గంటలు ఒలిచారు. మావాళ్లు ఎవరింట్లో ఎవరికి పెళ్లయిందో అమ్మకి మొత్తం తెలిసింది. నిన్న అపార్ట్‌మెంట్ సంఘం నుంచి మెసేజ్: గేటు దగ్గర కూర్చోవడం బాగాలేదట.

గాజువాక_రాజు:
మెట్ల మీద ముసలోళ్లు కూకుంటే ఆళ్లకేటి నొప్పి? ఆ డాక్టరు చీటీ జిరాక్సు తీసి నోటీసు బోర్డుకి అంటించండి బాబూ. ఫీజు కిట్టుబాటవుద్ది.

లెక్కల_మాష్టారు:
ఆ మాటకి నేను ఒప్పుకుంటాను. కానీ శీను గారూ, మీ కథ రుజువు కాదు. గోంగూర రోజుల్లో, లేని రోజుల్లో అమ్మగారి బీపీ, నిద్రపోయిన గంటలు రాసిపెట్టండి. 3 నెలలయ్యాక ఇక్కడ పెట్టండి, అప్పుడు మాట్లాడదాం.

మధురవాడ_శీను:
సరే మాష్టారూ. బీపీ మిషన్‌లో బ్యాటరీ అయిపోయింది, రేపు వేస్తాను. సంఘం మీటింగు ఆదివారం.