అప్‌డేట్: పరుపు మీద దుప్పటి జారిపోవడం ఆగింది (పర్లాకిమిడి)

అమ్మ మంచం మీద దుప్పటి తెల్లారేసరికి నడుం కింద ముద్దయిపోతోందని పోయిన నెల అడిగాను. తుంటి ఎముక ఆపరేషన్ అయి పడుకునే ఉంటోంది, ముడతల మీద ఒత్తిడికి పుండ్లు పడతాయేమోనని నా భయం. సాయం చేసిన అందరికీ దణ్ణాలు.

టేపు పెట్టి కొలవమన్న అన్నయ్య మాటే నిజమైంది. పాత దూది పరుపు మందం 4 అంగుళాలు, కొత్త ఫోమ్‌ది 8. పొడవు 78, రెండు పక్కలా మందం కలిపితే 94. మా దుప్పటి 100. అంటే తలవైపు, కాళ్లవైపు లోపలికి దోపడానికి మూడేసి అంగుళాలే! పాత పరుపుకి ఏడేసి ఉండేవి. 108 పొడవుది కొన్నాక మళ్లీ ఏడేసి వచ్చాయి.

కట్టు మార్చడానికి ఇంటికొచ్చే నర్సమ్మ మూల మడత నేర్పింది. ముందు కాళ్లవైపు దోపాలి. మూలకి అడుగు దూరంలో పక్క అంచుని పట్టుకుని పైకెత్తి, ముక్కోణంగా మంచం మీద వేయాలి. కింద వేలాడేది దోపేసి, తర్వాత ఆ ముక్కోణాన్ని దించి గట్టిగా దోపాలి. నాలుగు మూలలా అంతే. ఇరవై రోజులుగా అమ్మని పక్కకి తిప్పినా దుప్పటి కదల్లేదు.

పిన్నీసులు వద్దు, బట్ట చిరిగింది, పైగా గుచ్చుకుంటాయి. కింద వేసిన రబ్బరు మ్యాట్ పరుపుని ఆపింది గానీ దుప్పటిని కాదు. ఎలాస్టిక్ కుట్టించే అవసరమే రాలేదు.